ఒక మెషీన్‌లో ఫార్మాట్ చేసిన డిస్క్ ఇంకో మెషీన్‌లోనూ తెరుచుకోవాలంటే: సెక్టార్, బ్లాక్, పేజీ సైజుల లెక్క

రాస్‌ప్‌బెర్రీ పై 5 అనే చిన్న కంప్యూటర్‌కి తగిలించినప్పుడు చక్కగా పనిచేసిన డిస్క్ లాప్‌టాప్‌కి పెడితే మౌంట్ కావడం లేదు (తెరుచుకోవడం లేదు), డిస్క్ పోయినట్టేనా? ఈ మధ్య ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇది. దాని వెనకే ఇంకోటి: పాత డిస్క్‌ను కొత్త డిస్క్‌లోకి మక్కీకి మక్కీ కాపీ చేశాను, పార్టిషన్లే కనబడటం లేదు, ఏం చేయాలి?

రెండు సందర్భాల్లోనూ చాలావరకు డేటా భద్రంగానే ఉంటుంది. సైజులు కుదరలేదు, అంతే. డేటా పోయేది ఆ తర్వాత టెన్షన్‌లో మనం చేసే పనుల వల్ల: ఫార్మాట్ చేయమంటారా అని అడిగితే సరే అనడం, రిపేర్ టూల్ నడపడం. కాబట్టి ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ఏదీ నొక్కకుండా నేరుగా 7వ భాగానికి వెళ్లండి. కొత్తగా ఫార్మాట్ చేయబోతున్నవాళ్లు మొదటి నుంచి చదవండి.

ఒక చిన్న మాట. ఇదంతా లినక్స్ గురించి. కమాండ్ల పేర్లు ఇక్కడ పలికినట్టే తెలుగులో రాశాను, టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషులో కొట్టాలి. ఏ ఆప్షన్ గురించి అనుమానం వచ్చినా ఆ కమాండ్ మాన్యువల్ పేజీ తెరిచి చూసుకుని ముందుకెళ్లండి. డిస్కుల పనిలో ఊహించి కొట్టకూడదు.

## 1. కొలతలు నాలుగు, వరుస ఒకటి

లాజికల్ సెక్టార్. "ఇంతకంటే చిన్న ముక్క నన్ను అడగొద్దు" అని డిస్క్ కంప్యూటర్‌కు చెప్పే కొలత. 512 బైట్లు గానీ 4096 బైట్లు గానీ ఉంటుంది.

ఫిజికల్ సెక్టార్. డిస్క్ లోపల నిజంగా రాసుకునే కొలత. లోపల 4096 ఉండి బయటికి 512 అని చెప్పే డిస్కులను 512ఈ అంటారు. లోపలా బయటా 4096 అయితే 4కేఎన్. రెండూ 512 అయిన పాతవి 512ఎన్.

బ్లాక్. ఫైల్‌సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్లను సర్ది ఉంచే పద్ధతి) స్థలాన్ని పంచే కొలత. ఫార్మాట్ చేసేటప్పుడే ఖాయమైపోతుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌లో దీంతోపాటు మెటాడేటా (ఫైళ్ల వివరాలు) కోసం సెక్టార్ సైజు అని ఇంకో అంకె కూడా ఉంటుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్‌సిస్టమ్ వాళ్లు బ్లాక్‌నే సెక్టార్‌సైజ్ అంటారు, ఆ పేరు చూసి తికమక పడకండి.

పేజీ. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మెమరీని పంచుకునే కొలత. మామూలు ఇంటెల్, ఏఎండీ కంప్యూటర్లలో 4 కేబీ, అంటే 4096 బైట్లు. ఆర్మ్ 64 బిట్ ప్రాసెసర్లలో 4, 16, 64 కేబీల్లో ఏదైనా ఉండొచ్చు, ఏది అన్నది కెర్నల్ తయారు చేసినప్పుడే నిర్ణయిస్తారు. రాస్‌ప్‌బెర్రీ పై 5లో (ఇకముందు "పై 5") రాస్‌ప్‌బెర్రీ పై ఓఎస్ 64 బిట్ మామూలుగా నడిపేది 16 కేబీ కెర్నల్. యాపిల్ సిలికాన్ మ్యాక్‌ల మీద నడిచే అసాహీ లినక్స్‌దీ 16 కేబీయే. ఐబీఎం పవర్ సర్వర్లలో సాధారణంగా 64 కేబీ. రెడ్ హ్యాట్ ఆర్మ్ ఎడిషన్ 8లో 64 కేబీ ఉండేది, 9లో 4 కేబీకి వచ్చింది. కావాలంటే 64 కేబీ కెర్నల్‌ను విడిగా వేసుకోవచ్చు.

ఇవి ఇలా వరుసలో ఉండాలి:

లాజికల్ సెక్టార్ ≤ ఫైల్‌సిస్టమ్ సెక్టార్ ≤ బ్లాక్ ≤ పేజీ

సోల కంటే తక్కువ కొలవని కొట్టుకెళ్లి గిద్దెడు నూనె అడిగితే ఇవ్వరు. 4కేఎన్ డిస్క్‌ను 512 బైట్లు అడగడం అలాంటిదే. మానిక పట్టే గిన్నెలో కుంచెడు బియ్యం పట్టవు. 4 కేబీ పేజీ ఉన్న కెర్నల్‌కు 64 కేబీ బ్లాకులు ఇవ్వడం అలాంటిది.

ఇప్పుడు అసలు లెక్క. డిస్క్ ఎన్ని మెషీన్లకు, ఫైల్‌సిస్టమ్ ఎన్ని డిస్కులకు మారొచ్చో అన్నిటినీ కలిపి చూడండి. ఆ డిస్కుల్లో అన్నిటికంటే పెద్ద లాజికల్ సెక్టార్ ఒక వైపు, ఆ మెషీన్లలో అన్నిటికంటే చిన్న పేజీ ఇంకో వైపు. మీ ఫైల్‌సిస్టమ్ ఈ రెంటి మధ్య పట్టాలి. మార్కెట్‌లో దొరికే డిస్కుల్లో పెద్ద లాజికల్ సెక్టార్ 4096. మన చేతికొచ్చే మెషీన్లలో చిన్న పేజీ కూడా 4096. మధ్యలో మిగిలేది ఒకే ఒక్క అంకె. ఇక దేన్ని ఎంచుకోవాలో తర్జనభర్జన అక్కర్లేదు.

## 2. ఫార్మాట్‌కు ముందు కొలిచి రాసుకోండి

డిస్క్ డబ్బా మీద రాసినదాన్ని, డీలర్ చెప్పినదాన్ని నమ్మకండి. కెర్నల్‌కు ఏం కనిపిస్తోందో అదే లెక్క.

డిస్క్ వెళ్లే ప్రతి మెషీన్‌లో:

- "గెట్‌కాన్ఫ్ పేజ్‌సైజ్" కొట్టండి. రెండో మాట పెద్ద అక్షరాల్లో ఉండాలి. 4096, 16384, 65536ల్లో ఒకటి వస్తుంది.
- "యూనేమ్ హైఫన్ ఆర్"తో కెర్నల్ వెర్షన్ రాసుకోండి.
- బీటీఆర్‌ఎఫ్‌ఎస్ వాడుతుంటే సిస్ డైరెక్టరీలో ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్, ఫీచర్స్ లోపలున్న "సపోర్టెడ్ అండర్‌స్కోర్ సెక్టార్‌సైజెస్" ఫైల్ చూడండి. ఆ కెర్నల్ ఏ సైజులు తెరవగలదో అందులో రాసి ఉంటుంది. ఆ ఫైలే కనబడకపోతే ముందు బీటీఆర్‌ఎఫ్‌ఎస్ మాడ్యూల్ లోడ్ చేసి చూడండి.

ప్రతి డిస్క్‌కు:

- "ఎల్‌ఎస్‌బీఎల్‌కే హైఫన్ టీ" కొడితే లాజికల్, ఫిజికల్ సెక్టార్లు పక్కపక్క గళ్లలో కనిపిస్తాయి.
- ఒక్క డిస్క్ మాత్రమే చూడాలంటే "బ్లాక్‌డెవ్" కమాండ్‌కు గెట్‌ఎస్‌ఎస్ ఆప్షన్ ఇస్తే లాజికల్, గెట్‌పీబీఎస్‌జెడ్ ఇస్తే ఫిజికల్.
- యూఎస్‌బీ డబ్బాలో ఉన్న డిస్క్ అయితే డబ్బాలో ఉండగా ఒకసారి, వీలైతే బయటికి తీసి సాటాకు (మదర్‌బోర్డ్ మీది డిస్క్ పోర్టుకు) తగిలించి ఒకసారి కొలవండి. రెండు అంకెలూ వేరుగా రావచ్చు.

ఉన్న ఫైల్‌సిస్టమ్‌కు:

- ఈఎక్స్‌టీ4: "ట్యూన్2ఎఫ్‌ఎస్ హైఫన్ ఎల్"లో బ్లాక్ సైజ్ వరుస.
- ఎక్స్‌ఎఫ్‌ఎస్: "ఎక్స్‌ఎఫ్‌ఎస్ అండర్‌స్కోర్ ఇన్ఫో"లో బీసైజ్, సెక్ట్‌ఎస్‌జెడ్ రెండూ.
- బీటీఆర్‌ఎఫ్‌ఎస్: ఇన్‌స్పెక్ట్ ఇంటర్నల్ కింద ఉన్న డంప్ సూపర్‌లో సెక్టార్‌సైజ్.
- జెడ్‌ఎఫ్‌ఎస్: "జెడ్‌డీబీ హైఫన్ పెద్ద సి"లో యాషిఫ్ట్. 9 అంటే 512, 12 అంటే 4096. రెండును అన్నిసార్లు గుణించుకోవడమే.

ఈ అంకెలను ఒక కాగితం ముక్క మీద రాసి డిస్క్‌కే అంటించడం నా అలవాటు. చాదస్తం అని నవ్వినవాళ్లే రెండేళ్ల తర్వాత ఫోన్ చేస్తారు.

## 3. ఏ ఫైల్‌సిస్టమ్‌కు ఏం జాగ్రత్త

ఈఎక్స్‌టీ4. మెషీన్లు మారే డిస్క్‌కు నా మొదటి ఓటు దీనికే. 64 కేబీ పేజీ ఉన్న సర్వర్‌లో ఫార్మాట్ చేసినా మామూలుగా 4 కేబీ బ్లాకులే తీసుకుంటుంది. ఒక్క ఇరకాటం ఉంది: పార్టిషన్ 512 ఎంబీ కంటే చిన్నదైతే తనంతట తాను 1 కేబీ బ్లాకులకు దిగిపోతుంది. చిన్న బూట్ పార్టిషన్లు చాలావాటిలో జరిగేది ఇదే. అలాంటిదాన్ని 4కేఎన్ డిస్క్‌లోకి కాపీ చేస్తే మిగతావన్నీ తెరుచుకుని బూట్ ఒక్కటే మొరాయిస్తుంది. సైజు ఎప్పుడూ మీరే చెప్పండి.

ఎక్స్‌ఎఫ్‌ఎస్. రెండు అంకెలూ చెప్పాలి. 512ఈ డిస్క్ మీద ఫార్మాట్ చేస్తే ఫిజికల్ సెక్టార్ చూసి 4096 తీసుకుంటుంది, అక్కడ గొడవ లేదు. కానీ డిస్క్ తన ఫిజికల్ సెక్టార్ కూడా 512 అని చెబితే సెక్టార్ సైజు 512గా పడిపోతుంది. చాలా వర్చువల్ డిస్కులు చెప్పేది అలాగే. ఆ వర్చువల్ మెషీన్‌ను ఏడాది తర్వాత 4కేఎన్ డిస్కున్న సర్వర్‌కు మార్చిన రోజున బయటపడుతుంది.

పేజీ కంటే పెద్ద బ్లాకులను ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో తెరవడం కెర్నల్ 6.12 నుంచి సాధ్యమైంది. ఆ వెర్షన్ 2024 నవంబర్‌లో వచ్చింది. సాధ్యమైంది కదా అని మెషీన్లు మారే డిస్క్ మీద 64 కేబీ బ్లాకులు పెట్టకండి. మీరు డిస్క్ తీసుకెళ్లే చోట ఏ కెర్నల్ ఉంటుందో మీ చేతుల్లో ఉండదు.

బీటీఆర్‌ఎఫ్‌ఎస్. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ టూల్స్ 6.7కు ముందు వెర్షన్లలో సైజు చెప్పకపోతే, ఫార్మాట్ చేస్తున్న మెషీన్ పేజీ ఎంతో అంత తీసుకునేవి. 6.7 నుంచి మెషీన్ ఏదైనా 4096 తీసుకుంటున్నాయి.

డెబియన్ 12తో వచ్చే టూల్స్ 6.2. పై 5 మీద డెబియన్ 12 ఆధారంగా వచ్చిన ఓఎస్, 16 కేబీ కెర్నల్, 6.2 టూల్స్: ఈ మూడూ ఒకచోట చేరినప్పుడు మీరు ఏ ఆప్షన్ ఇవ్వకుండా ఫార్మాట్ చేస్తే 16384 సైజు పడుతుంది. పై 5లో అంతా బాగుంటుంది. 4 కేబీ పేజీ ఉన్న లాప్‌టాప్ దాన్ని తెరవదు. మొదట్లో చెప్పిన ప్రశ్నకు జవాబు ఇదే.

తిరగేసి చూస్తే, 4096తో ఫార్మాట్ చేసినదాన్ని పెద్ద పేజీ ఉన్న కెర్నల్ తెరవాలంటే ఆ కెర్నల్‌కు ఆ నేర్పు ఉండాలి. 64 కేబీ పేజీ మీద 4096 సైజును చదవడం, రాయడం రెండూ 5.15 కెర్నల్ నుంచి వచ్చాయి. పాత కెర్నల్ ఉన్న పవర్ సర్వర్లతో పని ఉంటే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ జోలికి వెళ్లకండి.

నోడ్‌సైజ్ అనే ఇంకో అంకె 16384 అని కనిపిస్తే కంగారు పడొద్దు. అది పేజీ కంటే పెద్దగా ఉన్నా నష్టం లేదు.

జెడ్‌ఎఫ్‌ఎస్. పేజీ సైజుతో దీనికి పేచీ లేదు. సెక్టార్ దగ్గరే జాగ్రత్త. పూల్ (డిస్కుల సమూహం) తయారుచేసేటప్పుడు యాషిఫ్ట్ 12 అని చెప్పండి, తర్వాత మార్చడం కుదరదు. 9తో చేసిన పూల్‌లో ఒక డిస్క్ పాడైతే దాని స్థానంలో 4కేఎన్ డిస్క్ పెట్టనివ్వదు.

ఎఫ్2ఎఫ్‌ఎస్. బ్లాక్, పేజీ సమానంగా ఉండాలంటుంది. ఒక్క మెషీన్‌లోనే ఉండిపోయే ఫ్లాష్ స్టోరేజీకి మంచిదే. అటూ ఇటూ తిరిగే డిస్క్‌కు వద్దు.

ఫ్యాట్, ఎక్స్‌ఫ్యాట్. పేజీతో సంబంధం లేదు. కానీ సెక్టార్ సైజును బూట్ సెక్టార్‌లోనే రాసుకుంటాయి, కాబట్టి 512 డిస్క్ నుంచి 4కేఎన్‌కు మక్కీకి మక్కీ కాపీ చేస్తే తెరుచుకోవు. కంప్యూటర్ బూట్ కావడానికి వాడే ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ది ఇదే కథ. కాపీ చేయకుండా కొత్తగా ఫార్మాట్ చేసి ఫైళ్లు వేసుకోండి. 4కేఎన్ మీద దానికి కనీసం 260 ఎంబీ ఇవ్వాలని మైక్రోసాఫ్ట్ చెబుతుంది. నేను 512 ఎంబీ ఇచ్చేస్తాను.

## 4. డిస్క్‌ను సిద్ధం చేయడం

చాలా ఎన్‌వీఎంఈ డ్రైవుల్లో (వేగమైన ఎస్‌ఎస్‌డీల్లో) లాజికల్ సెక్టార్‌ను 512 నుంచి 4096కు మార్చుకునే వీలుంది. "ఎన్‌వీఎంఈ ఐడీ ఎన్‌ఎస్" కమాండ్‌ను పెద్ద హెచ్ ఆప్షన్‌తో నడిపితే ఆ డ్రైవ్‌కు ఉన్న ఫార్మాట్లన్నీ కనిపిస్తాయి. ఇప్పుడు ఏది వాడుకలో ఉందో, ఏది మెరుగో పక్కనే ఉంటుంది.

మార్చడం ఎందుకు? ఇంట్లో వాడే డ్రైవుకు అయితే నా ఉద్దేశంలో అక్కర్లేదు. 512ఈ డిస్క్ మీద 4096 బ్లాకులు పెట్టి పార్టిషన్‌ను సరిగ్గా మొదలుపెడితే పనితీరులో తేడా పట్టుకోవడం కష్టం. పైగా 512ఈ అయితే పాత సాఫ్ట్‌వేర్ కూడా నడుస్తుంది. విండోస్ 4కేఎన్‌ను చూడగలిగేది 8వ వెర్షన్ నుంచే, దాని మీద నుంచి బూట్ కావాలంటే యూఈఎఫ్‌ఐ తప్పనిసరి.

మార్చాలనే అనుకుంటే:

1. బ్యాకప్ తీయండి. తీసిన బ్యాకప్ తెరుచుకుంటోందో లేదో చూడండి.
2. డ్రైవ్ నేరుగా మదర్‌బోర్డ్‌కే ఉండాలి. యూఎస్‌బీ డబ్బాలో ఉండగా ఈ పని చేయొద్దు, డ్రైవ్ పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది.
3. "ఎన్‌వీఎంఈ ఫార్మాట్" కమాండ్‌కు కావలసిన ఫార్మాట్ నంబర్ ఇవ్వండి. డ్రైవ్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది.
4. రీబూట్ చేసి 2వ భాగంలో చెప్పినట్టు మళ్లీ కొలవండి.

సాటా డిస్కుల్లో ఈ వీలు కొన్నిటికే ఉంటుంది, అక్కడ "హెచ్‌డీపార్మ్"తో మార్చాలి. ఆ కమాండ్ ఒప్పుకోవాలంటే "దయచేసి నా డ్రైవ్‌ను నాశనం చెయ్యి" అనే అర్థం వచ్చే ఆప్షన్‌ను మీ చేత్తో టైప్ చేయాలి. రాసినవాళ్లు సరదాకు పెట్టింది కాదు, చదివి ఆగమని పెట్టింది.

పార్టిషన్ మొదలు దగ్గర ఒకే నియమం: 1 ఎంబీ దగ్గర మొదలుపెట్టండి. 512 సెక్టార్ల లెక్కలో అది 2048వ సెక్టార్, 4096 లెక్కలో 256వ సెక్టార్. ఇప్పటి టూల్స్ వాటంతట అవే ఇలా చేస్తాయి. పాతకాలపు డిస్కుల్లో 63వ సెక్టార్ దగ్గర మొదలైన పార్టిషన్లు ఇంకా కనిపిస్తుంటాయి. వాటిని 512ఈ డిస్క్‌లోకి అలాగే కాపీ చేస్తే ప్రతి బ్లాకూ రెండు ఫిజికల్ సెక్టార్ల మీద అడ్డంగా పడి రాత నెమ్మదిస్తుంది. "పార్టెడ్"లో అలైన్ చెక్ అనే ఆజ్ఞతో చూసుకోవచ్చు.

## 5. ఫార్మాట్: ఈ వరుసలోనే

కింద నుంచి పైకి కట్టుకుంటూ వెళ్లాలి: డిస్క్, పార్టిషన్, ఎన్‌క్రిప్షన్, ఎల్‌వీఎం (డిస్కులను ఒక గుంపుగా కలిపే పొర), ఫైల్‌సిస్టమ్. ఒక్కో మెట్టు ఎక్కాక లాజికల్ సెక్టార్‌ను మళ్లీ కొలవండి, ఎందుకంటే మధ్యలో అది మారిపోవచ్చు.

లక్స్ ఎన్‌క్రిప్షన్. లక్స్2కు సొంత సెక్టార్ సైజు ఉంది. కొత్త "క్రిప్ట్‌సెటప్" 512ఈ డిస్క్‌ను చూసి 4096 ఎంచుకుంటుంది. అంటే కింద డిస్క్ 512 అంటున్నా, తాళం తీశాక వచ్చే డివైస్ 4096 అంటుంది. కొత్తగా కడుతున్నప్పుడు ఇది మంచిదే. ఉన్న డిస్క్‌ను రీఎన్‌క్రిప్ట్ చేస్తూ సెక్టార్ సైజును 4096కు పెంచితే మాత్రం, లోపలి ఫైల్‌సిస్టమ్ 512 సెక్టార్‌తోనో 1 కేబీ బ్లాకులతోనో ఉంటే ఇక తెరుచుకోదు. ముందు లోపలి అంకె చూసి, తర్వాతే బయటిది ముట్టుకోండి.

ఎల్‌వీఎం. ఒకే వాల్యూమ్ గ్రూప్‌లో 512 డిస్క్, 4కేఎన్ డిస్క్ కలపబోతే సైజులు కలవడం లేదని ఎల్‌వీఎం ఆపేస్తుంది. దాన్ని దాటవేసే సెట్టింగ్ కాన్ఫిగ్ ఫైల్‌లో ఉంది, వెతికితే దొరుకుతుంది కూడా. మార్చకండి. ఆ గ్రూప్‌లోని అన్ని ఫైల్‌సిస్టమ్‌లూ 4096 మీదే ఉన్నాయని ఒక్కొక్కటీ చూసుకున్నాక మాత్రమే ఆలోచించాలి.

ఇక ఫార్మాట్ కమాండ్లు. సైజు ప్రతిసారీ మీరే చెప్పాలి:

- ఈఎక్స్‌టీ4: హైఫన్ బి 4096
- ఎక్స్‌ఎఫ్‌ఎస్: హైఫన్ బి, సైజ్ ఈక్వల్స్ 4096, హైఫన్ ఎస్, సైజ్ ఈక్వల్స్ 4096
- బీటీఆర్‌ఎఫ్‌ఎస్: హైఫన్ ఎస్ 4096
- జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్: హైఫన్ చిన్న ఓ, యాషిఫ్ట్ ఈక్వల్స్ 12

ఈఎక్స్‌టీ4కు 65536 ఇస్తే, 4 కేబీ పేజీ ఉన్న మెషీన్ మీ సిస్టమ్‌కు ఇది మరీ పెద్దది అని హెచ్చరించి అయినా సరేనా అని అడుగుతుంది. సరే అంటే ఫార్మాట్ అయిపోతుంది, చాలా కెర్నల్స్‌లో మౌంట్ మాత్రం కాదు.

ఎంటర్ నొక్కే ముందు:

- [ ] డిస్క్ పేరు రెండుసార్లు చూశాను, సైజు, సీరియల్ నంబర్ కలిపి
- [ ] అందులో ఉన్నదానికి బ్యాకప్ ఉంది
- [ ] అన్ని మెషీన్ల పేజీ సైజులు కాగితం మీద ఉన్నాయి
- [ ] పైమెట్టు లాజికల్ సెక్టార్ ఎంతో ఇప్పుడే కొలిచాను
- [ ] కమాండ్‌లో 4096 కనబడుతోంది

ఫార్మాట్ అయ్యాక 2వ భాగంలోని కమాండ్‌తో అంకె సరిచూసి, ఒక ఫైల్ రాసి, డిస్క్‌ను రెండో మెషీన్‌లో పెట్టి ఆ ఫైల్ తెరవండి. మిగతా డేటా వేసేది ఆ తర్వాతే. ఒక టీబీ కాపీ చేశాక తెలిస్తే చెయ్యి కాలాక ఆకులు పట్టుకున్నట్టే ఉంటుంది.

## 6. స్వాప్‌ను మరిచిపోకండి

స్వాప్ అంటే మెమరీ చాలనప్పుడు కెర్నల్ డిస్క్ మీద వాడుకునే చోటు. దాని గుర్తు మొదటి పేజీ చివరి పది బైట్లలో ఉంటుంది. పేజీ 4 కేబీ అయితే ఒకచోట, 16 కేబీ అయితే ఇంకోచోట. అందుకే కెర్నల్ మార్చిన మరుసటి బూట్‌లో ఫైల్‌సిస్టమ్‌లన్నీ తెరుచుకుని స్వాప్ ఒక్కటే రాదు. పేజీ సైజు కుదరలేదని "స్వాపాన్" చెబుతుంది.

స్వాప్‌లో దాచుకోవాల్సింది ఏమీ ఉండదు కాబట్టి మళ్లీ "ఎంకేస్వాప్" నడిపితే సరి, లేదా స్వాపాన్‌కే ఫిక్స్‌పీజీఎస్‌జెడ్ ఆప్షన్ ఇవ్వండి. ఎంకేస్వాప్ చేస్తే యూయూఐడీ (గుర్తింపు నంబర్) మారుతుంది, బూట్‌లో ఏవి తెరవాలో రాసుండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో దిద్దుకోండి. మెషీన్‌ను హైబర్నేట్ చేసి ఉంచి మాత్రం ఈ పని చేయొద్దు. ఆ సమయంలో మెమరీ అంతా స్వాప్‌లోనే ఉంటుంది.

## 7. ఇప్పటికే ఇరుక్కుంటే

ముందుగా చేయకూడనివి. రిపేర్ టూల్ నడపొద్దు. కొత్త పార్టిషన్ టేబుల్ రాయొద్దు. విండోస్ "ఇనిషియలైజ్ చేయాలా" అంటే వద్దనండి. తర్వాత కెర్నల్ సందేశాలు చూపే "డీమెసెజ్" కమాండ్ చివరి వరుసలు చదవండి, కారణం అక్కడే ఉంటుంది.

"ఫంక్షన్ నాట్ ఇంప్లిమెంటెడ్" అని ఎక్స్‌ఎఫ్‌ఎస్ అంటే బ్లాక్ పేజీ కంటే పెద్దది. డీమెసెజ్‌లో బ్లాక్‌సైజ్ ఎంతో, పేజ్‌సైజ్ ఎంతో రెండూ కనిపిస్తాయి. 6.12 లేదా ఆ తర్వాతి కెర్నల్ ఉన్న లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి చదవడానికి మాత్రమే మౌంట్ చేయండి, డేటా వేరే డిస్క్‌లోకి తీసుకోండి.

సెక్టార్‌సైజ్ 16384 లేదా 65536 కుదరదని బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అంటే అన్నిటికంటే తేలిక దారి, ఫార్మాట్ చేసిన మెషీన్‌లోనే పెట్టి నెట్‌వర్క్ మీద డేటా లాగడం. ఆ మెషీన్ లేకపోతే అదే పేజీ సైజు ఉన్న ఇంకో కెర్నల్. అదీ లేకపోతే క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్‌లో ఆర్మ్ మెషీన్‌ను సృష్టించి 64 కేబీ లేదా 16 కేబీ కెర్నల్ నడిపి డిస్క్‌ను దానికి అందించొచ్చు. నత్తనడకే, కానీ పని అవుతుంది.

పై 5 వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. కాన్ఫిగ్ డాట్ టీఎక్స్‌టీలో "కెర్నల్ ఈక్వల్స్ కెర్నల్8 డాట్ ఐఎంజీ" అని రాస్తే 4 కేబీ కెర్నల్‌తో బూట్ అవుతుంది. ఇది ఫార్మాట్‌కు ముందు చేయాల్సిన పని. 16384తో ఫార్మాట్ అయిపోయిన డిస్క్ ఉండగా ఇలా మారిస్తే, తెరుచుకుంటున్న ఆ ఒక్కచోట కూడా తెరుచుకోవడం మానేస్తుంది. ముందు డేటా బయటికి, తర్వాత కెర్నల్ మార్పు, ఆ తర్వాత కొత్త ఫార్మాట్.

డబ్బాలోంచి తీశాక పార్టిషన్లే లేకపోతే. ఇది నాకే జరిగింది. 4 టీబీ డిస్క్‌ను ఒక యూఎస్‌బీ డాక్‌లో పెట్టి చాలాకాలం వాడాను. డాక్ చచ్చిపోయింది. డిస్క్‌ను తీసి నేరుగా కంప్యూటర్‌కు తగిలిస్తే ఖాళీ డిస్క్ అన్నట్టు చూపించింది. పిల్లల ఫోటోలన్నీ అందులోనే.

జరిగిందేమిటంటే, ఆ డాక్ 512 డిస్క్‌ను 4096 డిస్క్‌లా చూపించేది. జీపీటీ (ఇప్పటి పార్టిషన్ టేబుల్) హెడర్ ఎప్పుడూ ఒకటో నంబర్ సెక్టార్‌లో ఉంటుంది, లెక్క సున్నా నుంచి. డాక్ లెక్కలో అది 4096వ బైట్ దగ్గర రాసి ఉంది. నేరుగా తగిలించినప్పుడు కంప్యూటర్ 512వ బైట్ దగ్గర వెతికింది. కొన్ని డాక్‌లు ఇలా ఎందుకు చేస్తాయంటే, పాత ఎంబీఆర్ పార్టిషన్ టేబుల్ పద్ధతిలో 512 సెక్టార్లతో 2 టీబీ దాటలేం, 4096తో 16 టీబీ దాకా వెళ్లొచ్చు.

పరిష్కారం లూప్ డివైస్, అంటే ఒక ఫైల్‌నో డిస్క్‌నో మనం చెప్పిన సెక్టార్ సైజుతో ఇంకో డిస్క్‌లా చూపించేది:

1. "లోసెటప్"కు మొత్తం డిస్క్‌ను ఇవ్వండి, పార్టిషన్‌ను కాదు.
2. రీడ్ ఓన్లీ, పార్ట్‌స్కాన్, సెక్టార్ సైజ్ 4096, ఫైండ్, షో ఆప్షన్లు పెట్టండి.
3. లూప్0పీ1 లాంటి పేర్లతో పార్టిషన్లు ప్రత్యక్షమవుతాయి. చదవడానికి మాత్రమే మౌంట్ చేయండి.
4. డేటా అంతా ఇంకో డిస్క్‌లోకి తీసుకోండి. "ఆర్‌సింక్" అయితే ఆర్కైవ్, హార్డ్ లింకులు, ఏసీఎల్‌లు, ఎక్స్‌టెండెడ్ అట్రిబ్యూట్ల ఆప్షన్లు నాలుగూ కలిపి.
5. కాపీ సరిచూసుకున్నాకే పాత డిస్క్‌ను కొత్తగా ఫార్మాట్ చేయండి.

512 డిస్క్‌ను 4కేఎన్ డిస్క్‌లోకి "డీడీ"తో కాపీ చేసినవాళ్లకు దీన్నే తిరగేయాలి: సెక్టార్ సైజ్ 512 ఇచ్చి లూప్ పెట్టండి. డైరెక్ట్ ఐఓ (కెర్నల్ క్యాష్‌ను దాటేసి డిస్క్‌తో నేరుగా మాట్లాడే పద్ధతి) ఆప్షన్ మాత్రం ఇవ్వకండి. ఇది డేటా తీసుకునేంతవరకే, అలాగే రోజూ వాడుకోవడానికి కాదు.

ఒక ఫైల్‌సిస్టమ్ బ్లాక్ సైజును ఉన్నచోటనే మార్చే మంత్రం ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌ల్లో దేనికీ లేదు. డేటా తీయాలి, ఫార్మాట్ చేయాలి, తిరిగి వేయాలి.

మౌంట్ అయింది కానీ ప్రోగ్రామ్ నడవకపోతే. డైరెక్ట్ ఐఓ వాడే డేటాబేస్‌లు, వర్చువల్ మెషీన్లు 512 బైట్ల లెక్కలో అడుగుతుంటే 4కేఎన్ మీద "ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్" వస్తుంది. ఇక్కడ మార్చాల్సింది ఆ ప్రోగ్రామ్ సెట్టింగ్, డిస్క్‌ను కాదు. 16 కేబీ కెర్నల్ మీద "అన్‌సపోర్టెడ్ సిస్టమ్ పేజ్ సైజ్" అని ప్రోగ్రామ్ కూలిపోతే దానికి డిస్క్‌తో సంబంధమే లేదు. అది 4 కేబీ పేజీకి మాత్రమే కంపైల్ అయింది.

## 8. డిస్క్ పాడు చేయకుండా సాధన

ఇదంతా అసలు డిస్క్ మీద మొదటిసారి చేయకండి. ఒక ఫైల్ చాలు.

1. "ట్రంకేట్"తో 2 జీబీ ఖాళీ ఫైల్ చేయండి.
2. లోసెటప్‌తో సెక్టార్ సైజ్ 512 ఇచ్చి లూప్‌గా పెట్టండి.
3. బ్లాక్ 4096 ఇస్తూనే సెక్టార్ సైజు మాత్రం కావాలని 512 ఇచ్చి ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫార్మాట్ చేయండి. మౌంట్ చేసి ఒక ఫైల్ రాసి అన్‌మౌంట్ చేయండి.
4. లూప్ తీసేసి, అదే ఫైల్‌ను సెక్టార్ సైజ్ 4096తో మళ్లీ పెట్టండి. మౌంట్ చేయబోతే విఫలమవుతుంది. డీమెసెజ్‌లో వచ్చిన వరుసను చదివి గుర్తుపెట్టుకోండి.
5. ఇప్పుడు 4096, 4096తో ఫార్మాట్ చేసి ఇదే పని రెండు సెక్టార్ సైజుల మీదా చేయండి. రెండుచోట్లా తెరుచుకోవాలి.

పేజీ సైజు పరీక్షకు పై 5 ఉంటే అంతకంటే తేలిక లేదు. అదే కార్డు, అదే డిస్క్, కాన్ఫిగ్ ఫైల్‌లో ఒక్క వరుస మార్చి రెండు కెర్నల్స్‌తోనూ బూట్ చేసి చూడండి. ఉబుంటు ఆర్మ్ సర్వర్ ఉన్నవాళ్లకు 64 కేబీ కెర్నల్ ప్యాకేజీగానే దొరుకుతుంది. వేసుకుని, రీబూట్ చేసి, గెట్‌కాన్ఫ్‌తో 65536 వచ్చిందని చూశాకే డిస్క్ తగిలించండి. చాలాసార్లు పాత కెర్నల్‌తోనే బూట్ అయి ఉంటుంది, పరీక్ష నెగ్గిందని మనం సంబరపడుతుంటాం.